మధ్యాహ్న ధారావాహికల యస్తమయము

కైకలూరు, ఆకివీడు, ఏలూరు ప్రాంతములందు మధ్యాహ్న భోజనములైన పిమ్మట వీధి వెంట నడచినచో, ఒక కాలమున ఇంటింటను ఒకే యత్తగారి గద్దింపు, ఒకే కోడలి రోదనము వినబడుచుండెడివి. నేడా ధ్వని సన్నగిల్లినది. టెలివిజను పెట్టెలు తరిగినవా? లేదు, పెరిగినవి. అత్తాకోడండ్రు మారిరా? అదియు చెప్పలేము. మారినది మధ్యాహ్నము. ఇది స్త్రీల కాలక్షేపమునకు సంబంధించిన స్వల్పవిషయమని త్రోసివేయుట తగదు. ఒక జాతి తన తీరిక వేళ ఏ కథలను, ఎవరితో గూడి వినుచున్నదో యనునది ఆ జాతి శీలమునకు సంబంధించిన ప్రశ్న.

ఈ కథారూపము మన దేశమున బుట్టినది కాదు. అమెరికాలో 1930వ సంవత్సరమున షికాగో రేడియోలో ఇర్నా ఫిలిప్స్ అను రచయిత్రి 'పెయింటెడ్ డ్రీమ్స్' అను నిత్యకథను ప్రారంభించెను. పగటివేళ ఇంటనుండు గృహిణులకు సరకు లమ్ముకొనుటకై సబ్బు కంపెనీలు ధనమిచ్చి యాడించుటచే, ఇట్టి కథలకు 'సబ్బు నాటకము'లను పరిహాసనామము స్థిరపడెను. ఆమెయే 1937లో రేడియోపై నెలకొల్పిన 'గైడింగ్ లైట్' 1952లో టెలివిజనునకు వచ్చి, 2009 సెప్టెంబరులో ముగిసెను. 72 సంవత్సరములు! 1956లో మొదలైన 'యాజ్ ది వరల్డ్ టర్న్స్' మరుసటి యేడే గతించెను. 1965 నాటి 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' 2022లో టెలివిజనును వీడి అంతర్జాలమును శరణు జొచ్చినది. స్త్రీలు ఉద్యోగములకు పోవుటచే పగటి ప్రేక్షకులు తరిగిరి. ప్రేక్షకులు తరుగగా వర్తకుడు చేయి ముడుచుకొనెను. కథను పోషించినవాడు కథారసికుడు కాడు గదా!

మన తెలుగునాట వారపత్రికల నవలలును, రేడియో నాటకములును చాలకాల మీ యవసరమును దీర్చినవి. 1984లో దూరదర్శనున 'హమ్ లోగ్', 1994లో పగటివేళ దినదినము ప్రసారమైన 'శాంతి' హిందీలో దారి తీసినవి. 1995లో ఈటీవీ, జెమిని టీవీలు వెలసిన పిమ్మట ధారావాహిక తెలుగింటి చుట్టమైనది. ఈటీవీలో 2008లో ప్రారంభమైన 'అభిషేకం' సుమారు 4000 భాగములు సాగి, 2022లో ముగిసెను. బిడ్డ పుట్టి బడిలో పెద్ద తరగతులకు వచ్చువరకు ఒకే కథ నడచినదన్నమాట!

ఈ క్షీణతకు కారణములను వెదకుటకు అమెరికాకు పోనక్కరలేదు. కొల్లేటి గట్టున నిలిచిన చాలును. వరిచేలు చేపల చెరువులైనవి. శీలావతి, బొచ్చె చేపలు మంచులో సర్దుకొని లారీలపై వంగదేశమునకు తరలుచున్నవి. రొయ్యలను శుద్ధిచేయు షెడ్లలో శ్రమించువారిలో స్త్రీలే యధికము. అట్టి యిల్లాలికి మధ్యాహ్నము రెండు గంటలు విశ్రాంతివేళ కాదు, కూలివేళ. రెండవది, 2016లో జియో రాకతో అంతర్జాలము చౌకయై సెల్‌ఫోను ప్రతి చేతికిని వచ్చినది. నాటి భాగమును రాత్రి పరుండబోవుచు చూచుకొనవచ్చును. 2020 మార్చిలో కరోనా నిర్బంధముచే చిత్రీకరణములు నిలిచిపోగా, ఫోను అలవాటు మరింత గట్టిపడెను. మూడవది, ధారావాహిక తన గోతిని తానే త్రవ్వుకొనెను. సాగదీసిన కథ, హిందీనుండి డబ్బింగు చేసిన సంభాషణలు, పట్టుచీరతో వంటచేయు కోడలు, విషము కలుపు తోడికోడలు—ఎంత యోర్పుగలవారికైనను విసుగు పుట్టక మానునా? కొల్లేటి గాలిగాని, చేపల ధరగాని, అప్పుల బాధగాని ఆ కథలలో నెన్నడైన కానవచ్చెనా?

మధ్యాహ్న ధారావాహికలు పూర్తిగ నశింపలేదు. స్టార్ మా, జీ తెలుగు వంటి సంస్థలు నేటికిని ప్రసారము చేయుచునే యున్నవి. అయినను పూర్వపు పట్టు లేదు. స్త్రీకి స్త్రీనే శత్రువుగ జూపిన కథలు క్షీణించుటకు మనము కన్నీరు కార్చనక్కరలేదు. కాని దానితోబాటు పోవుచున్న మరియొకటి కలదు. చదువురాని ముసలమ్మ, బడినుండి వచ్చిన మనుమరాలు, పొరుగింటి పిన్నిగారు ఒకే చాపపై కూర్చుండి ఒక తెలుగు కథను తర్కించెడివారు. "ఆ పిల్ల చేసినది తప్పా, ఒప్పా" యని వాదించెడివారు. ఆ వాదములో తమ బ్రతుకులను గూర్చియు నాలుగు మాటలు దొర్లెడివి. నేడొక్కొక్కరు ఒక్కొక్క మూల ఫోను పట్టుకొని, అరనిమిషపు దృశ్యములను వ్రేలితో త్రోయుచున్నారు. వర్తకుడు పోలేదు, సబ్బుపెట్టె వదలి జేబులో దూరినాడు. అత్తాకోడండ్ర కథలను పరిహసించిన మగవారు సయితము చెరువు గట్టున కూర్చుండి యదే పని చేయుచున్నారు.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపి, పుస్తకమును పల్లె ముంగిటికి చేర్చిరి. అట్టి దేశమున తెలుగు కథకు చోటు కరవగుట న్యాయమా? నిర్మాతలు వేయి భాగముల మోహము వీడి, నూరు భాగములలో ముగియు కథలను ఈ నేల మాటలో చెప్పింపవలెను. శాఖాగ్రంథాలయములు వారమున కొకనాడు, స్త్రీలకు పనులు ముగిసిన సాయంకాలమున, కథాపఠనమునకు తలుపులు తెరువవలెను. దానికి వలయు దీపమును, చాపలను, పుస్తకములను సమకూర్చుట చెరువులచే భాగ్యవంతులైన మన రైతులకును, పట్టణ వర్తకులకును భారము కానేరదు. మధ్యాహ్నము చేజారినది, సాయంకాలమైనను మన స్త్రీలకు, మన కథకు దక్కనిండు.