పళ్ళెంలో ఆగిన గనుల రైలు

బస్తర్ అడవుల నడుమ పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లవాడిని, పుట్టినరోజుకు ఏ ఆకారంలో కేకు కావాలని అడిగితే, వాడు కోటనో సింహాన్నో కోరకపోవచ్చు. కిరండూల్, బచేలీ పట్టణాలలో పసివారు మాటలు నేర్చే వయస్సు నుంచీ వినే చప్పుడు ఖనిజపు రైలుది. ఇనుపరాయి నింపుకొని, ఒకటికి మించిన ఇంజన్లతో, చూసే కన్నుకు తుది కనిపించనంత పొడవున అది కొండలు దిగి సముద్రం వైపు సాగిపోతుంది. అక్కడి పసివాడికి ప్రపంచంలోకెల్లా గొప్ప వస్తువు అదే.

ఎద్దు మూపురం వలె కనిపించే కొండలు కనుక వాటికి బైలడిల్లా అని పేరు. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కిరండూల్ గనిని 1968లోను, బచేలీ గనిని 1977లోను ప్రారంభించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేసే నిమిత్తం 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సుమారు 450 కిలోమీటర్ల పొడవున, 58 సొరంగాలను దాటుకుంటూ, తూర్పు కనుమలను ఎక్కి దిగుతుంది. ఖనిజం వెళ్ళే దారినే ఎందరో తెలుగువారు ఉద్యోగాలకై వచ్చారు. అప్పట్లో కేరళ రాష్ట్రం కంటె విశాలమైన బస్తర్ జిల్లాలో అదంతా భాగం. 1998లో దంతెవాడ ప్రత్యేక జిల్లా అయింది, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. పిల్లలకు ఈ సరిహద్దులతో నిమిత్తం లేదు. వారికి కావలసింది రైలు.

రైలు కేకు కొత్త ఊహ కాదు. 1980లో ఆస్ట్రేలియాలోని ఒక మహిళా పత్రిక పిల్లల పుట్టినరోజు కేకులపై వెలువరించిన పుస్తకానికి ముఖచిత్రం రైలు కేకే. ఆ పుస్తకం పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయి, ఆ దేశంలో ఒక తరం పిల్లలకు పుట్టినరోజంటే ఆ పుటలు తిరగవేయటమే అన్నంతగా నిలిచిపోయింది. అయితే కథల పుస్తకాలలోని రైలుకు పొగగొట్టం ఉంటుంది. కిరండూల్ పసివాడు పొగబండిని చూసి ఎరుగడు; ఆ మార్గం 1980 దశకంలోనే విద్యుదీకరణ అయింది. వాడికి పొగగొట్టం పెట్టి ఇస్తే, పైన తీగను తాకే చట్రం ఏదని నిలదీస్తాడు. బొమ్మ కేకు చేయబూనిన తల్లి మొట్టమొదట గ్రహించవలసినది ఇదే: పుస్తకంలోని బొమ్మ కాదు, పిల్లవాడి కంట పడిన వస్తువు పళ్ళెంలోకి రావాలి.

ఇంట్లో పెద్దవారున్నచోట మరొక చిక్కు ఎదురవుతుంది. తలంటు పోసి, కొత్త బట్టలు కట్టి, పరమాన్నం వండి, హారతి ఇచ్చే శుభదినాన వెలుగుతున్న దీపాన్ని ఉఫ్‌మని ఊది ఆర్పటమా అని బామ్మగారు అంటారు. ఆ అభ్యంతరాన్ని నవ్వి తోసివేయటం భావ్యం కాదు. ఇది జర్మనీ నుంచి వచ్చిన ఆచారం. 1746లో అక్కడ కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ అనే ప్రభువు జన్మదినాన, పొయ్యి పట్టినంత పెద్ద కేకులో వయస్సుకు సరిపడా రంధ్రాలు చేసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కొవ్వొత్తి నిలిపారని నాటి రచన తెలుపుతున్నది. దీపాలు నిలపటం వరకు మనకూ ఇష్టమే. వచ్చిన తంటా అంతా ఊదటంలోనే. 2017లో అమెరికాలోని క్లెమ్‌సన్ విశ్వవిద్యాలయం వారు పరిశీలించి, ఊదిన తరువాత కేకు పైపూత మీద సూక్ష్మజీవులు సగటున 14 రెట్లు పెరుగుతున్నట్లు గుర్తించారు. ఆరోగ్యవంతులు బెంగపడవలసినంత విషయం కాకపోయినా, ఇంట్లో ఎవరికైనా జలుబు ఉన్న రోజున బామ్మగారి మాటే నెగ్గనివ్వటం తెలివి. కొవ్వొత్తులను వేరొక చిన్న పళ్ళెంలో వెలిగించి, వాటంతట అవే కొండెక్కనిస్తే ఇరువురికీ సమ్మతమవుతుంది.

ఇక వంటింటి సంగతి. ఓవెన్ లేనంత మాత్రాన కేకు ఆగదు. దళసరి గిన్నె అడుగున గ్లాసెడు ఉప్పు పరచి, దానిపై చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడి చేయాలి. ప్రెషర్ కుక్కరునే వాడేటట్లయితే రబ్బరు రింగు, విజిల్ తప్పక తీసివేయాలి. అయితే నీరు లేకుండా తరచు వేడిచేస్తే కుక్కరు ఆయుష్షు తరుగుతుంది. పాత గిన్నె మేలు.

గుడ్డు తినని ఇళ్ళకు పెరుగు కేకు చక్కగా అమరుతుంది. కప్పు చిక్కటి పెరుగులో 150 గ్రాముల పంచదార పొడి కరిగేదాకా గిలకొట్టి, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా కలిపి అయిదు నిమిషాలు ఉంచితే అది నురుగుతో పొంగుతుంది. పెరుగులోని పులుపు సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేయటమే దీనికి కారణం. (బేకింగ్ పౌడరు పుట్టుక కూడా ఒక ఇల్లాలి కోసమే. ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆంగ్లేయుడు, ఈస్టు పడని తన భార్యకై 1843లో దానిని తయారుచేశాడు.) ఆపైన అర కప్పు వాసన లేని నూనె, జల్లించిన 200 గ్రాముల మైదా చేర్చి, ఉండలు కట్టకుండా కలిపి వెంటనే పొయ్యి మీదికి ఎక్కించాలి. ఆలస్యమైతే వాయువు వెళ్ళిపోయి కేకు అణగిపోతుంది. సన్నని సెగపై సుమారు 45 నిమిషాలకు, మధ్యలో గుచ్చిన పుల్ల పొడిగా వస్తే ఉడికినట్లే. అరగంటలోపు మూత తీసి చూడరాదు.

గుండ్రటి గిన్నెలో గుండ్రటి కేకే వస్తుంది. రైలుకు కావలసినవి పొడవాటి పెట్టెలు. ఏడు అంగుళాల కేకును రాత్రంతా ఆరనిచ్చి, నాలుగు పక్కలా చెక్కితే దాదాపు అయిదు అంగుళాల చదరం మిగులుతుంది. దానిని మూడు పట్టీలుగా కోస్తే ఒక ఇంజను, రెండు పెట్టెలు. మూడేళ్ళ బిడ్డకు లెక్క సరిగ్గా కుదిరింది. చెక్కివేసిన నాలుగు ముక్కలను పారవేయనక్కరలేదు: చిదిపి, చెంచాడు కోకో కలిపితే అదే బైలడిల్లా ఇనుపరాయి! పెట్టెల పైభాగాన చెంచాతో గాడి తొలిచి దానిని నింపాలి. గుండ్రటి చిన్న బిస్కెట్లు చక్రాలు, వేఫర్ బిస్కెట్లు రైలుపట్టాల కింది దిమ్మెలు. ఇంజను మీది చట్రానికి ఒక జంతిక ముక్క వంచి నిలబెడితే చాలు. కొనితెచ్చిన ఏ అలంకారమూ దాని ముందు నిలువదు.

పైపూతకు 100 గ్రాముల వెన్నను 200 గ్రాముల మెత్తని పంచదార పొడితో తెల్లబడేదాకా గిలకొట్టాలి. పంచదారను ఇంట్లోనే పొడి చేసేటట్లయితే చెంచాడు మొక్కజొన్న పిండి కలపాలి. అది తేమను పీల్చుకుంటుంది. బస్తర్ వానలలో తేమ చిన్న శత్రువు కాదు. వానాకాలపు పుట్టినరోజుకు పూత పలుచగా వేసి, అతిథులు వచ్చే గంట ముందు మాత్రమే అలంకరించటం క్షేమం. తొలుత అతి పలుచని పూత ఒకటి వేసి, పొడి అంటుకొని ఆరిన మీదట రెండవది వేస్తే నునుపు వస్తుంది.

రంగుల విషయంలో తొందరపాటు తగదు. మన దేశంలో ఆహారంలో వాడేందుకు చట్టం అనుమతించిన కృత్రిమ వర్ణాలు ఎనిమిదే. సంతలో పొట్లాలు కట్టి అమ్మే పేరులేని పసుపు పొడిలో నిషిద్ధమైన మెటానిల్ ఎల్లో ఉండవచ్చు. గులాబీ పొడిలో రోడమైన్ బి ఉండవచ్చు. చిటికెడు పసుపు, చెంచాడు బీట్‌రూట్ రసం పూతలో కలిస్తే వచ్చే మందమైన రంగులు బిడ్డకు చాలు. గనుల రైలు ఏమైనా తళతళలాడే రైలు కాదు కదా!

చక్రాలను పుల్లలతో గుచ్చరాదు. వెన్నపూతే వాటిని పట్టి ఉంచుతుంది. కేకు చుట్టూ మూగే అయిదేళ్ళలోపు పిల్లలకు జీడిపప్పు, వేరుశెనగ పలుకులు గుండుగా పెట్టటం ప్రమాదకరం. గొంతుకు అడ్డుపడతాయి, పొడి చేసి చల్లాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు ఇవ్వరాదు.

కోసేటప్పుడు ముందు వెనుక పెట్టెలను కోసి పంచటం మంచిది. ఇంజనును కోయనివ్వటానికి పుట్టినరోజు పిల్లవాడు ఒప్పుకోడు. మరునాడు ఉదయం పాలతో పాటు వాడే దానిని, చట్రంతో మొదలుపెట్టి, తినివేస్తాడు.