ఏదీ కాలకుండానే... కాలిన వాసన!

1937 ఫిబ్రవరి. అమెరికాలోని లాస్‌ ఏంజెలిస్‌లో కచేరీ జరుగుతోంది. పియానో ముందు కూర్చున్నది 'రాప్సొడీ ఇన్‌ బ్లూ'తో పాతికేళ్లకే పేరు తెచ్చుకున్న జార్జ్‌ గెర్ష్‌విన్‌. వాయిస్తున్నది తన సొంత బాణీయే. అయినా ఓచోట తడబడ్డాడు. కొన్ని క్షణాలు ఏమీ తెలియలేదు. ఆ సమయంలో రబ్బరు కాలుతున్న వాసన వచ్చిందని తరవాత చెప్పాడు. అక్కడ ఏదీ కాలలేదు!

ఆ వాసన మళ్లీ మళ్లీ వచ్చింది. తలనొప్పులూ తోడయ్యాయి. జూన్‌లో ఆసుపత్రిలో చేరితే మనోవ్యాధి కావచ్చన్నారు. వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తామంటే ఆయనే వద్దన్నాడట. జులై 9న స్పృహ తప్పింది. ఆపరేషన్‌ చేస్తే మెదడులో, కుడి కణతవైపు కణితి బయటపడింది. 11న చనిపోయాడు. వయసు 38. స్కానింగులు లేని కాలం మరి.

లేని వాసన తెలియడాన్ని 'ఫాంటాస్మియా' అంటారు. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో 'థాలమస్‌' అనే మజిలీలో ఆగి వెళతాయి. వాసన మాత్రం దాదాపు నేరుగా కణత వెనకుండే టెంపొరల్‌ లోబ్‌ లోపలి అంచుకు చేరుతుంది. భయానికీ, జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలు ఆ పక్కనే ఉంటాయి. అక్కడి నాడీకణాల్లో విద్యుత్తు గతి తప్పితే ముక్కుతో పనిలేకుండానే వాసన పుడుతుంది. అదీ ఎక్కువగా కాలినదో, కుళ్లినదో! మల్లెల పరిమళం అరుదు. ఇలాంటి మూర్ఛకూ టెంపొరల్‌ లోబ్‌కూ ఉన్న ముడిని లండన్‌ వైద్యుడు హ్యూలింగ్స్‌ జాక్సన్‌ 1890లోనే పట్టుకున్నాడు.

మూర్ఛ అనగానే కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే గుర్తొస్తుంది. ఇది అలా ఉండదు. వాసన కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో ఉంటుంది. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు, ఇదంతా ఇదివరకే జరిగినట్టు అనిపించొచ్చు. కొందరు శూన్యంలోకి చూస్తూ పెదాలు చప్పరిస్తారు. పిలిస్తే పలకరు. ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు!

అలాగని పోపు మాడిన వాసన వచ్చినప్పుడల్లా కణితేమోనని బెంబేలెత్తక్కర్లేదు. సైనస్‌, జలుబు, పంటి చీము, మైగ్రేన్‌... కారణాలు బోలెడు. 2020 తరవాత కొవిడ్‌ సోకినవాళ్లలోనూ ఎందరికో ఈ ఇబ్బంది ఎదురైంది. అయితే ఒకే వాసన, ఒకే తీరుగా, ఉన్నట్టుండి వచ్చి పోతుంటే న్యూరాలజిస్టును కలవాలి. ఎంఆర్‌ఐ, ఈఈజీ పరీక్షలతో చాలావరకు సంగతి తేలుతుంది. మూర్ఛే అయితే సరైన మందులతో నూటికి 70 మంది దాకా ఫిట్స్‌ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఫిట్స్‌ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మనకు అలవాటు. వాటితో అది ఆగదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.