కట్టెల కుప్ప నుంచి ఇంట్లోకి కట్టెలు తెచ్చేటప్పుడు పాములు, తేళ్లతో జాగ్రత్త

గ్యాస్ పొయ్యి లేని ఇల్లు ఇప్పుడు పల్లెల్లో తక్కువే. అయినా స్నానాల నీళ్ల కాగుకు, పశువుల దాణా ఉడకబెట్టడానికి, పండుగ వంటలకు కట్టెలు కావాల్సిందే. పత్తి, కంది పంటలు అయిపోయాక ఆ కట్టెను పీకి మోపులు కట్టి ఇంటి పక్కనే పేర్చుకోవడం మన దగ్గర మామూలు. దానికి తోడు తుమ్మ, సర్కారు తుమ్మ, వేప కొమ్మలు. వేసవిలో వేసిన ఆ కుప్పను కదిలించేది ఎక్కువగా వానాకాలంలోనే. ప్రమాదమూ అప్పుడే ఎక్కువ.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఈ మరణాల్లో సుమారు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే జరుగుతున్నాయి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ కాట్లన్నీ కట్టెల దగ్గర పడినవి కావు. పొలం గట్లు, గడ్డివాములు, నేల మీద పడకలు కూడా కారణాలే. అయితే కట్టెల కుప్ప ఇంటి గడపకు పది అడుగుల్లోనే ఉంటుంది. అందులో చేయి పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. అదీ పొద్దుగూకాక.

పాము కుప్పలోకి ఎందుకు చేరుతుంది

పాము కట్టెల కోసం రాదు, ఎలుకల కోసం వస్తుంది. కుప్ప కింద నాలుగు గింజలు రాలి ఉంటే ఎలుకలు, పందికొక్కులు బొరియలు పెడతాయి. వాటి వెనకే నాగుపాము, రక్తపింజర చేరతాయి. కట్లపాము రాత్రి తిరిగే పాము. పగలు కట్టెల కింద, ఇటుకల సందుల్లో ముడుచుకుని ఉంటుంది. ఎండు ప్రాంతాల్లో చిన్న పింజర కూడా కనిపిస్తుంది. కాటేస్తే మనిషి ప్రాణం తీయగల పాముల్లో మన దగ్గర ముఖ్యమైనవి ఈ నాలుగే. తేళ్లకు, జెర్రులకు ఎలుకలతో పని లేదు. ఎండిన బెరడు కింద తేమ, చీకటి, పురుగులు ఉంటే చాలు.

అందుకే కట్టెలు తెచ్చే జాగ్రత్త కుప్ప వేసే చోటు నుంచే మొదలవుతుంది. ఇంటి గోడకు, పశువుల కొట్టానికి ఆనించి వేయకూడదు. కనీసం 15-20 అడుగుల దూరంలో, ధాన్యం గాదెలకు, కోళ్ల గూటికి ఎడంగా వేసుకోవాలి. నేల మీద నేరుగా పేర్చకుండా నాలుగు రాళ్లు పెట్టి, వాటి మీద దుంగలు అడ్డంగా వేసి, అడుగు ఎత్తున పేర్చితే కింద ఏముందో వంగి చూడవచ్చు. ఊడ్చుకోవడానికీ వీలవుతుంది, చెదలూ పట్టవు. వానకు టార్పాలిన్ కప్పితే పైభాగం మాత్రమే కప్పాలి. నేల దాకా కప్పి అంచుల మీద రాళ్లు పెడితే వెచ్చని చీకటి గూడు మనమే కట్టి ఇచ్చినట్లు అవుతుంది. కుప్ప చుట్టూ గడ్డి పెరగనివ్వకూడదు.

పత్తి కట్టె విషయంలో ఇంకొక నష్టం ఉంది. దాన్ని రైతులు అంతగా పట్టించుకోవడం లేదు. కట్టెకు అంటుకున్న విచ్చని కాయల్లో గులాబీ రంగు పురుగు లార్వాలు నిద్రావస్థలో ఉండిపోతాయి. వానలు పడ్డాక రెక్కల పురుగులుగా మారి ఊరి చుట్టూ ఉన్న కొత్త పత్తి మీదకే వెళ్తాయి. డిసెంబరు చివరికల్లా పంట ముగించి కట్టెను తొలగించమని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. దాన్ని పెరట్లో జులై దాకా నిల్వ ఉంచితే చేలో తీసుకున్న జాగ్రత్త వృథా అవుతుంది. వంటకు వాడదలచుకుంటే కాయలన్నీ దులిపి కాల్చేయాలి. కట్టెను వేసవిలోనే వాడేయాలి. వానాకాలానికి కంది కట్టె, తుమ్మ మొద్దులు దాచుకోవడం మేలు.

కట్టెలు తీసే పద్ధతి

ముఖ్యమైనది వేళ. మర్నాటి పొయ్యికి కావలసిన కట్టెలు సాయంత్రం నాలుగైదు గంటలకే, వెలుతురు ఉండగా తెచ్చుకోవాలి. కాగు తెల్లవారుజామున వెలిగించే ఇళ్లలో ఇది మరీ అవసరం. చీకట్లో వెళ్లక తప్పకపోతే ఫోను వెలుతురుతో సరిపెట్టుకోవద్దు, మంచి టార్చి లైటు ఉండాలి. కాళ్లకు బూట్లు ఉండాలి. హవాయి చెప్పులు పాదం పైభాగాన్ని కాపాడవు.

కుప్ప దగ్గరకు వెళ్లగానే పొడవాటి కర్రతో నాలుగు వైపులా గట్టిగా తట్టి, కాస్త ఆగాలి. పాముకు చప్పుడు కన్నా అదురు బాగా తెలుస్తుంది, దారి ఉంటే తప్పుకుంటుంది. తేలు అలా కదలదు కాబట్టి తట్టడం ఒక్కటే చాలదు. ఎప్పుడూ పై వరుస నుంచే తీయాలి. అడుగున ఎండు పుల్ల కనిపించిందని సందులో చేయి దూర్చి లాగడం వల్లే కాట్లు పడతాయి. పై కట్టెను కొక్కెం కర్రతో లాగి నేల మీద పడేసి, ఒకసారి దొర్లించి, కింది వైపు చూశాకే చేత్తో పట్టుకోవాలి. బెరడు ఊడుతున్న మొద్దును నేలకేసి కొట్టాలి. ఎర్ర తేలు ఉండేది ఆ బెరడు కిందే. తోలు చేతి తొడుగులు ఉంటే ముళ్లకు, తేళ్లకు రెండింటికీ పనికొస్తాయి.

కట్టెలను ఒడిలో, కొంగులో వేసుకుని, రొమ్ముకు ఆనించుకుని తేవడం మంచిది కాదు. గంపలోనో ఇనుప తట్టలోనో వేసుకుని తేవాలి. కట్టి ఉంచిన మోపును నేరుగా తలకెత్తుకోవద్దు. ముందు పక్కకు దొర్లించి, తాడు విప్పి, దులిపి మళ్లీ కట్టుకోవాలి. రెండు నిమిషాల పని ఇది. చిన్న పిల్లలను కట్టెలకు పంపకూడదు.

ఇంట్లోకి తెచ్చినవి ఒక్క రోజుకు సరిపడా ఉంటే చాలు. ముసురు పట్టిందని పది రోజుల కట్టెలు వంటింటి మూలన పోస్తే కుప్పను ఇంట్లోకి తెచ్చుకున్నట్లే. రాత్రికి ఆ మూల నుంచి కట్లపాము పడకల వైపు వస్తుంది. తడవకుండా దాచుకోవాలంటే వసారాలో అరుగు మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టుకోవచ్చు.

పాము కనిపించినా, కాటు పడినా

కనిపిస్తే వెనక్కి తగ్గి, పిల్లలను, కుక్కను దూరం పెట్టి, అటవీ శాఖకు గానీ పాములు పట్టడం తెలిసినవారికి గానీ కబురు చేయాలి. కర్రతో చంపబోయి కాటు తిన్నవారు ఎందరో.

కాటు పడితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు, ఆ చేయి లేదా కాలు కదలకుండా బద్దలు పెట్టి వదులుగా కట్టాలి. నడిపించకూడదు. బిగించి తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయవద్దు. మంత్రగాడి దగ్గర గడిపిన గంట తిరిగి రాదు. మన దగ్గర వాడే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది, కాబట్టి చచ్చిన పామును వెంట తీసుకెళ్లనక్కరలేదు. కాటు పడిన సమయం డాక్టరుకు చెప్పాలి.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే గ్యాస్ నొప్పి అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎర్ర తేలు కుట్టినప్పుడు విపరీతమైన చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం ఉంటే ఆలస్యం చేయకూడదు, పిల్లల్లో మరీను. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ వాడుకలోకి తెచ్చిన ప్రాజోసిన్ చికిత్సతో ఈ మరణాలు బాగా తగ్గాయి. కానీ ఆ మాత్ర డాక్టరు పర్యవేక్షణలోనే వేయాలి, ఎందుకంటే అది రక్తపోటును తగ్గిస్తుంది. తుమ్మ ముల్లు లోతుగా దిగినా, కట్టె పేడు గుచ్చుకున్నా సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమేమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి.