అమెరికా చరిత్రమును, కడప మండలపు నల్లరేగడియును

అమెరికా చరిత్రమును పాఠశాలలయందు సముద్రాంతరమందలి కథగానే బోధించుట వాడుక. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల భూములకు ఆ కథతోఁ గల సంబంధము మాత్రము స్వల్పము కాదు.

1607 మొదలు ఇంగ్లీషువారు ఉత్తర అమెరికా తూర్పు తీరమున వలసలు నిలిపిరి. వానిలో దక్షిణ కరోలినాయందు నీలిపంట ప్రబలఁగా, 1748లో ఇంగ్లండు ప్రభుత్వము దానికి ధనసాహాయ్య మేర్పఱచెను. 1776లో వలసలు స్వాతంత్ర్యమును ప్రకటించుటతో ఆ యేర్పాటు చెడెను. లండను వర్తకులు హిందూదేశమువైపు మరలిరి. బంగాళము ముందుపడెను, తరువాతి శతాబ్దమునఁ గడప నీలియుఁ బేరెక్కెను. విపణిలో దానిని ‘కర్పా’ యనెడివారు. అది కడప శబ్దమునకు వికృతియే. వ్యుత్పత్తులు వెదకు పండితుల కిది వినోదము కాఁగలదు.

ఆ స్వాతంత్ర్యయుద్ధముననే, 1781 అక్టోబరు 19వ తేదీన యార్కుటౌనులో వాషింగ్టనునకు లొంగిపోయిన సేన కారన్‌వాలిసుది. అతఁడే 1786లో హిందూదేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి టిప్పు సుల్తానుతోఁ బోరెను. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచేఁ గడపయు గండికోటయు మైసూరునుండి నిజామునకుఁ జెందెను. 1800లో నిజాము వానిని కుంపిణీ కిచ్చెను. ‘దత్తమండలము’ అను పేరట్లు పుట్టినదే. ఇచ్చినవా రెవరో, పుచ్చుకొన్నవా రెవరో ఆ పేరు చెప్పును గాని, ప్రజల నడిగినవారు లేరు. 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ యను నామ మంగీకృతమగుట యుచితమే.

అన్నిటికంటెఁ బ్రధానమైనది ప్రత్తి. 1793లో ఎలి విట్నీ గింజతీయు యంత్రమును కల్పించెను. యంత్రము వచ్చిన బానిసల శ్రమ తగ్గునని తోఁచును, జరిగినది విపరీతము. సాగు పెరిగిన కొలఁది బానిసలును పెరిగిరి; 1790లో సుమారు 7 లక్షలుగా నున్నవారు 1860 నాటికి సుమారు 40 లక్షలైరి. ఆ యేఁడు ఇంగ్లండు దిగుమతి చేసికొన్న ప్రత్తిలో ఐదింట నాలుగుపాళ్లు అమెరికాదే. 1861 ఏప్రిలులో అంతర్యుద్ధ మారంభమై, ఉత్తరపువారి నౌకలు దక్షిణపు రేవులను ముట్టడింపఁగా లంకాషైరు మిల్లులనేకము మూతపడెను. తడిని చిరకాలము నిలుపుకొను నల్లరేగడికిఁ బ్రత్తి తగిన పంట. నాటుప్రత్తి పింజ పొట్టిదని యదివఱకు నిరసించిన వర్తకులే దానికై యెగఁబడిరి. ధర మున్నెఱుఁగనంత పెరిగెను.

1865లో యుద్ధము ముగిసెను. బానిసత్వము శాసనముచే రద్దయ్యెను. ఇచటి ధరయుఁ గూలెను. 1871 నాటికి ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీఁదుగా రాయచూరునకు రైలు నడిచెను. 1876లో వానలు తప్పి, 1878 వఱకు దత్తమండలము మహాక్షామమునఁ బడెను. ప్రత్తియే యీ కఱవునకుఁ గారణమనుట యతిశయోక్తి. కాని దేశమున నాఁకలి యుండఁగనే ధాన్యము రేవులు దాటిపోయెను. దూరదేశపు ధర నెఱిఁగిన యంగడికి, ప్రక్కయూరి యాఁకలి కనఁబడలేదు.