ఆస్కార్ వైల్డ్ హంతకుణ్ని పట్టుకున్నాడా?

గైల్స్ బ్రాండ్రెత్ 2007లో మొదలుపెట్టిన డిటెక్టివ్ నవలల్లో నేరాలు ఛేదించేది ఆస్కార్ వైల్డ్. ఆయనకు తోడు షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్. కథ చెప్పే రాబర్ట్ షెరార్డ్ కూడా కల్పిత పాత్ర కాదు, వైల్డ్ జీవితచరిత్ర రాసిన స్నేహితుడే. ఇంతమంది అసలు మనుషులున్నప్పుడు పరిశోధనలోనూ కొంత నిజం ఉండే ఉంటుందన్నది చాలామంది పాఠకుల అపోహ. పునాది గట్టిదే, కాదనలేం. 1889 ఆగస్టు 30న లండన్ లాంగమ్ హోటల్లో లిపిన్‌కాట్స్ అనే అమెరికన్ పత్రిక సంపాదకుడు స్టొడార్ట్ ఇచ్చిన విందులో వైల్డ్, డాయిల్ కలిశారు. ఆ పూట కుదిరిన బేరంలోంచే 'ది సైన్ ఆఫ్ ఫోర్', 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' పుట్టాయి. బ్రాండ్రెత్ మొదటి నవలలో హత్య జరిగేదీ సరిగ్గా ఆ ఆగస్టు చివరే. అయితే 1924లో వచ్చిన ఆత్మకథలో డాయిల్ ఆ విందును, వైల్డ్ మాటకారితనాన్ని మురిపెంగా తలచుకుని, ఆ తర్వాత ఆయన్ని చూసింది ఒక్కసారేనని, అదీ చాలా ఏళ్లకేనని రాశాడు. మరి నవలల్లోని జంట పరిశోధన? చరిత్ర వదిలేసిన ఖాళీలో రచయిత తెలివిగా కట్టుకున్న ఇల్లు అది.

డాయిల్ నిజంగానే కేసులు పరిశోధించాడు కదా అనవచ్చు. పరిశోధించాడు, కాకపోతే విక్టోరియా రాణి పోయిన తర్వాత. బొంబాయి నుంచి వెళ్లిన పార్శీ వంశపు క్రైస్తవ మతబోధకుడి కొడుకు జార్జ్ ఎడల్జీ బర్మింగ్‌హామ్‌లో లాయరు. రాత్రిపూట ఒక గుర్రాన్ని కోశాడని 1903లో అతనికి ఏడేళ్ల శిక్ష వేశారు. గడువుకు ముందే విడుదలై, 1907లో హోటల్ లాబీలో కూర్చున్న అతన్ని డాయిల్ తొలిసారి చూసేసరికి, పేపరును కళ్లకు ఆనించినంత దగ్గరగా, కాస్త పక్కకి పట్టుకుని చదువుకుంటున్నాడు. కంటి వైద్యం చదివిన డాయిల్‌కు అది చాలు: ఇంత చూపు లేనివాడు చీకట్లో పొలాలు దాటి ఆ పని చేయలేడు. ఇక్కడిదాకా అచ్చం హోమ్స్ కథే. ఆ తర్వాత మాత్రం వ్యవహారమంతా ప్రభుత్వ కమిటీ చేతికి వెళ్లింది. గుర్రం కేసులో క్షమాభిక్ష ఇచ్చి, ఆ కేసుతో ముడిపడ్డ ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం అతనే రాశాడని చెప్పి, నష్టపరిహారం ఎగ్గొట్టారు. అసలు దోషి ఫలానావాడని డాయిల్ చూపించిన మనిషి మీద కేసే పెట్టలేదు. బ్రాండ్రెత్ తన నవలను ఇలా ముగిస్తే పాఠకులు పుస్తకం విసిరికొడతారు.