రెండు మార్కుల ప్రశ్న వెనక 254 రోజులు

ఢిల్లీ కరోల్ బాగ్ గదుల్లో బట్టీ పట్టే ఒక వాక్యంలో ఇద్దరు తెలుగమ్మాయిల సముద్రయానం ఉంది

కరోల్ బాగ్‌లో సముద్రం జిరాక్స్ కాగితాల మీద దొరుకుతుంది. మెట్రో స్టేషన్ దిగి పూసా రోడ్డు వెంట ఓల్డ్ రాజిందర్ నగర్ వైపు నడిస్తే ప్రతి సందులోనూ సివిల్స్ నోట్సు అమ్మే దుకాణాలే. అసలు సముద్రం ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఈ వీధులు ఎరిగిన నీళ్లు వేరు. 2024 జూలైలో ఒక బేస్‌మెంట్ లైబ్రరీలోకి దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులను బలి తీసుకున్న వాన నీళ్లవి.

ఆ నోట్సులో 'రక్షణ' శీర్షిక కింద ఒక వాక్యం ఉంటుంది: నావికా సాగర్ పరిక్రమ, ఐఎన్ఎస్‌వి తారిణి, ఆరుగురు మహిళలు, 2017-18. ప్రిలిమ్స్‌లో వస్తే రెండు మార్కులు, తప్పు రాస్తే మూడో వంతు కోత. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి నలుగురేసి ఒక గదిలో సర్దుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఆ వాక్యం కింద గీత గీసి ముందుకు పోతారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువారన్న సంగతి నేను చూసిన నోట్సులో ఎక్కడా లేదు.

ఒకరు విశాఖపట్నంలో పెరిగిన లెఫ్టినెంట్ కమాండర్ పి.స్వాతి. నౌకాదళంలో ఆమె ఉద్యోగం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. మరొకరు హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి, నౌకా నిర్మాణ ఇంజనీరు. ఒకరు విమానాలకు దారి చూపే మనిషి, ఇంకొకరు ఓడల డిజైన్ చూసే మనిషి. అలలతో నిత్యం తలపడే ఉద్యోగాలు ఇద్దరివీ కావు. కెప్టెన్ వర్తికా జోషి, ప్రతిభా జమ్‌వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా మిగతా నలుగురు.

పడవ పొడవు 56 అడుగులు. అంటే ఆర్టీసీ బస్సుకు ఒకటిన్నర రెట్లు. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో తయారై 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. పేరు మన పొరుగు నుంచే వచ్చింది. శ్రీకాకుళం దాటగానే వచ్చే ఒడిశా గంజాం జిల్లాలో కొండ మీద వెలసిన తారాతారిణి, పూర్వం సముద్ర వ్యాపారులు మొక్కుకున్న దేవత.

తెరచాప పడవలో భూమిని చుట్టి రావడానికి కొన్ని నిబంధనలున్నాయి. గాలి తప్ప మరో చోదకశక్తి వాడకూడదు. పనామా, సూయజ్ వంటి కాలువల అడ్డదారి పట్టకూడదు. భూమధ్యరేఖను కనీసం రెండుసార్లు దాటాలి. అన్ని రేఖాంశాలనూ దాటాలి. ప్రయాణ దూరం 21,600 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు. ఆ అంకె ఎవరో తోచినట్టు వేసింది కాదు. వృత్తంలో 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు. ఒక్కో నిమిషానికి ఒక నాటికల్ మైలు చొప్పున లెక్క వేస్తే భూమి చుట్టుకొలత వస్తుంది, సుమారు 40 వేల కిలోమీటర్లు.

2017 సెప్టెంబర్ 10న తారిణి గోవా విడిచింది. ఫ్రీమాంటిల్ (ఆస్ట్రేలియా), లిటిల్‌టన్ (న్యూజిలాండ్), పోర్ట్ స్టాన్లీ (ఫాక్లాండ్ దీవులు), కేప్‌టౌన్‌లలో ఆగి 2018 మే 21న తిరిగొచ్చింది. మొత్తం 254 రోజుల్లో నీటి మీద గడిపినవి 199. లెక్కిస్తే సగటు వేగం గంటకు ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు. సైకిల్ తొక్కే మనిషి దాటిపోగలడు. ఆ వేగంతోనే మూడు మహాసముద్రాలు దాటాలి. రాత్రి ఆగి పడుకోవడానికి ఒడ్డు ఉండదు. ఇంజను చెడితే బస్సును రోడ్డు పక్కన పెట్టినట్టు పడవను పక్కన పెట్టడం కుదరదు.

అసలు పరీక్ష లిటిల్‌టన్ నుంచి పోర్ట్ స్టాన్లీ దాకా, దాదాపు 40 రోజుల దారి. దక్షిణార్ధగోళంలో ఆ అక్షాంశాల దగ్గర గాలికి అడ్డుపడే నేల చాలా తక్కువ. పడమటి నుంచి వీచే గాలి భూగోళమంతా తిరుగుతూ అలల్ని పెంచుకుంటూ వస్తుంది. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దగ్గర ఆ నీరంతా సన్నటి దారిలోకి కుదించుకుపోతుంది. అందుకే నావికులకు ఆ పేరంటే భయం. ఈ యాత్రలో తారిణి గంటకు 110 కిలోమీటర్ల వరకు వీచిన గాలినీ, ఏడు మీటర్ల ఎత్తు అలల్నీ ఎదుర్కొంది. అంటే రెండంతస్తుల ఇల్లంత నీరు మీదికి రావడం. జనవరి మూడో వారంలో ఆరుగురూ హార్న్ దాటారు. కేప్‌టౌన్ దాటాక హిందూ మహాసముద్రంలో చుక్కాని వ్యవస్థ దెబ్బతిని, మొదటి ప్రణాళికలో లేని మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. ఇంటికి దగ్గరైనప్పుడే ఇలాంటివి జరుగుతాయి.

తెగువ ఒక్కటే ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. దేశంలో ఈ పనికి పునాది వేసినవారు వైస్ అడ్మిరల్ మనోహర్ అవటి. ఆయన పట్టుదల వల్లే 'మాదేయి' పడవ మీద దిలీప్ దోందే 2009-10లో ఒంటరిగా భూమిని చుట్టారు. 2012-13లో అభిలాష్ టామీ ఎక్కడా ఆగకుండా చుట్టారు. మహిళల వంతు 2016లో వచ్చింది, అదీ విశాఖ తీరం నుంచి. ఆ ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష ముగిశాక మహిళలే మాదేయిని గోవాకు నడిపించుకెళ్లారు. ఆ తర్వాత మారిషస్, కేప్‌టౌన్ యాత్రలు. ఒక్కో మైలూ కూడబెట్టుకున్న అనుభవమది.

సముద్రయానం ముగిశాక ఆరుగురూ ఢిల్లీ వచ్చి ప్రధానిని కలిశారు. ఫొటోలు వచ్చాయి, నారీశక్తి పురస్కారం అంతకుముందే వచ్చింది. ఆ ఫొటోల్లో కనిపించని విషయం ఒకటుంది. కేప్ హార్న్ చుట్టివచ్చిన ఈ అధికారులకు అప్పటికి సొంత దళం యుద్ధనౌకల మీద పోస్టింగ్ లేదు. 56 అడుగుల పడవలో ప్రపంచం చుట్టడానికి పనికొచ్చినవారు వేల టన్నుల ఓడలో విధులకు పనికిరారన్న మాట. మహిళా నౌకాదళ అధికారుల శాశ్వత కమిషన్ కేసులో సుప్రీంకోర్టు ముందు కేంద్రం చేసిన వాదనల్లో ఓడల్లో మహిళలకు తగిన స్నానపు గదులు లేవన్నదీ ఒకటి. 2020 మార్చి 17 తీర్పులో కోర్టు ఒప్పుకోలేదు. తారిణిలో ఏ ఏర్పాట్లున్నాయో ఒకసారి చూసి ఉంటే ఆ వాదన రాసేవారు కాదేమో. యుద్ధనౌకల మీద మహిళల నియామకాలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

మన దగ్గర తెరచాప పడవ ఇప్పటికీ సైన్యం ఆటే. హుస్సేన్ సాగర్‌లో ఏటా వానాకాలంలో జరిగే సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచి చిన్న పడవలు చేరతాయి. దాని వెనకా సికింద్రాబాద్ ఈఎంఈ దళమే ఉంది. ఇతర దేశాల్లో మామూలు మనుషులు సొంత పడవలతో వచ్చి చేరే మహా జాతరలున్నాయి. 1971లో మొదలైన కేప్‌టౌన్-రియో పందెం అలాంటిదే. వేర్వేరు సైజుల పడవలు ఒకే రేవు నుంచి బయల్దేరి అట్లాంటిక్ దాటతాయి. 2023 జనవరిలో తారిణి కూడా అందులో పాల్గొంది, ఐదుగురు అధికారులతో, వారిలో ఇద్దరు మహిళలు. మనకు వెయ్యి కిలోమీటర్లకు తగ్గని తూర్పు తీరం ఉన్నా, జీతం మీద బతికే కుటుంబంలోని పిల్లకు తెరచాప తాడు పట్టుకునే అవకాశం నౌకాదళం ఉన్న ఊళ్లోనే దొరుకుతోంది. విశాఖలో పెరిగిన స్వాతికి దొరికింది. మచిలీపట్నంలో పుడితే?

తారిణి మళ్లీ బయల్దేరింది. 2024 అక్టోబర్ 2న ఈసారి ఇద్దరే, కేరళకు చెందిన దిల్నా, పుదుచ్చేరికి చెందిన రూపా. ఎనిమిది నెలల్లో 25 వేల నాటికల్ మైళ్లకు పైగా తిరిగి, ఏ నేలకైనా 2,600 కిలోమీటర్లకు పైగా దూరమున్న పాయింట్ నీమో మీదుగా సాగి, 2025 మే 29న గోవా చేరారు. మరునాడే పుణె దగ్గర నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి మొదటి మహిళా క్యాడెట్లు 17 మంది శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. వాళ్లు పాసైన ప్రవేశ పరీక్ష నిర్వహించింది, కరోల్ బాగ్ గదుల్లోని కుర్రకారు కలలు కనే యూపీఎస్సీయే.

కొత్త నోట్సు వచ్చేసింది. తారిణి వాక్యంలో ఇప్పుడు రెండో యాత్ర, పాయింట్ నీమో చేరాయి. స్థలం చాలక 2017 నాటి ఆరుగురిని 'మొదటి యాత్ర' అన్న రెండు మాటల్లో సర్దేశారు.