వేళ తప్పి వచ్చిన వారికి కూడా

తెలుగునాట చుట్టరికాన్ని తెలిపే పిలుపును ‘వరస’ అంటారు. రక్తసంబంధం లేకపోయినా, వయసునూ ఆదరణనూ బట్టి ఒక పెద్దావిడను ఊరు ఊరంతా పెద్దమ్మగారనో అత్తయ్యగారనో పిలుచుకోవడాన్ని వరస కలపడం అంటారు. పురిటింటికి పథ్యం వండిపెట్టడానికైనా, పెళ్లివారి వంటలు పురమాయించడానికైనా, పొయ్యి వెలగని చావింటికి అన్నం పంపడానికైనా ముందుగా గుర్తుకొచ్చేది అటువంటి మనిషే అయినా, రెండు తరాలు గడిచేసరికి ఆమె పేరు సొంత ఇంటివారి నోటనే వినబడదు. ఆ మరుపులో కలిసిపోకుండా రాతకెక్కిన కొద్దిమందిలో కోనసీమకు చెందిన డొక్కా సీతమ్మగారు ఒకరు.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు వచ్చినవారికల్లా అన్నం పెట్టేవారు కనుక ఊళ్లో ఆయనను ‘బువ్వన్న’ అని పిలిచేవారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు ఒక ప్రయాణంలో వేళ మించిపోయి ఆ ఇంట అతిథిగా భోజనం చేశారనీ, అక్కడ కనబడిన పిల్లనే తరువాత వివాహమాడారనీ ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. పుట్టింట్లో కళ్లారా చూసిన పనినే ఆమె మెట్టినింట జీవితకాలం కొనసాగించారు.

ఆ పనికి లంకల గన్నవరమే ఎందుకు తగిన చోటయిందో తెలియాలంటే ఆ ఊరి నైసర్గిక స్థితిని చూడాలి. నది మోసుకొచ్చిన ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేలను ‘లంక’ అంటారు. గోదావరి సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలిపోతుంది. వాటిలో ఒకటైన వైనతేయ గన్నవరం పక్కగా పారుతుంది. వంతెనలు లేని ఆ రోజుల్లో అంతర్వేది వంటి క్షేత్రాలకు వెళ్లేవారైనా, కోర్టు పనులకూ సంతలకూ తిరిగేవారైనా పడవనే నమ్ముకోవాలి. వరదకో ఎదురుగాలికో రేవు ఆగిపోతే ఆ పూట ఎక్కడ తినాలో, ఎక్కడ తలదాచుకోవాలో తెలియదు. నేడు అన్నదానం అనగానే పండుగనాటి పంక్తి మనసులో మెదులుతుంది కాని, సీతమ్మగారిది నిత్యాన్నదానం, అంటే తిథితోనూ మొక్కుతోనూ పని లేకుండా, రేవు దాటి ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టడం.

ఇందులోని శ్రమను పొగడ్తల్లో పడి తరచుగా మరిచిపోతారు. బియ్యపు మిల్లులు ఊరూరా రాకముందు, ఒక పూట వంటకు కావలసిన బియ్యమైనా గాదెలోని ధాన్యం తీసి, ఎండబెట్టి, రోట్లో పోసి రోకళ్లతో దంచి, చేటతో చెరిగితేగాని చేతికి రాదు. ఎంతమందికి ఎసరు పెట్టాలో ముందుగా తెలియని ఇంట్లో, గుండిగ దించి గంజి వార్చి, విస్తళ్లు తీసి ఎంగిలి శుద్ధి చేసి నడుం వాల్చబోయే సమయానికి వీధి అరుగు మీద కొత్త గొంతు వినిపిస్తే, ఆరబోయే నిప్పులు మళ్లీ ఎగదోయాలి. ఇది దయ ఒక్కటే ఉంటే సాగే పని కాదు. పంట ఎంత, నిలవ ఎంత, వచ్చేది ఏ కాలం అన్న లెక్క తెలిసిన యాజమాన్యం కూడా కావాలి.

భార్య ఇంటి గడప దాటి నిర్ణయాలు చేయడం అరుదైన ఆ కాలంలో, ఇంటి గాదెను ఊరి గాదెగా మార్చిన ఆమె స్వాతంత్ర్యం వంటింట్లోనే రూపుదిద్దుకుంది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన ఆమె, ఒక బృందం ఆకలితో తమ ఇంటికే వెళుతున్నదని దారిలో విని వెనుదిరిగారని కోనసీమలో నేటికీ చెప్పుకుంటారు. చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే ఆమె వెళ్లలేదనీ, అధికారులు బతిమాలి ఫొటో తీయించుకుని పంపారనీ చెప్పే కథ ఇంకా ప్రసిద్ధం. అయితే ఆ ఫొటో కథ వల్లనే ఆమె గొప్పవారయ్యారనుకోవడం సరికాదు. ఏ వైపు నుంచి పిలుపు వచ్చినా పొయ్యి దగ్గరి పనికే ఆమె పెద్దపీట వేశారన్నది ఈ రెండు కథల్లోనూ కనబడే విషయం. వచ్చినవారి కులం అడగకుండా అన్నం పెట్టారని జీవితచరిత్రలు చెప్పే మాటను కూడా, అంటు పట్టింపులు బిగుసుకుని ఉన్న ఆనాటి అగ్రవర్ణ గృహాన్ని దృష్టిలో ఉంచుకుని చదివితేనే దాని బరువు తెలుస్తుంది.

సీతమ్మగారు 1909లో కన్నుమూశారు. గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి లంకకు చేరవేసే కట్టడాన్ని అక్విడక్టు, అంటే నీటిని మోసే వంతెన, అంటారు. 19వ శతాబ్దంలో కట్టిన పాతదాని పక్కన వచ్చిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. రేవు ఆగితే ఆకలితో మిగిలిపోయే బాటసారులకు అన్నం పెట్టిన మనిషి పేరు, అదే పాయను దాటించే వంతెనకు దక్కడం సముచితం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆ అన్నం వండి వడ్డించేవారు ఎక్కువగా ఆయా ఊళ్ల ఆడవాళ్లే. బడి గంట కొట్టకముందే బియ్యం కడిగి ఎసట్లో పోసే ఆ వంటమనుషులను పిల్లలు పిన్ని అనో, పెద్దమ్మ అనో పిలుస్తారు.